బొమ్మ బస్సు మీది బోర్డు

వీరేందర్,

రుక్కి చేసిన బొమ్మ బస్సు మీద ఆమె ఊరు హీరాలాల్ తండా పేరు గీకేసింది నువ్వే. ఆ స్టిక్కర్ ఆమె ఇంట్లనే అచ్చేసి, వార్నిష్ కొట్టి, నీళ్లల్ల నానబెట్టి, కాగితం మీది నుంచి మెల్లగ జార్చి అతికించింది. దాని జాగల నువ్వు "జనగామ" అని పెట్టినవ్. వార్నిష్ కొట్టకుండనే నీళ్లల్ల ముంచినవ్, రంగు కారి బస్సు అద్దాలతోని పాటు నీ వేళ్లు గూడ నీలమైనయ్. అట్లనే దొరికినవ్.

పైగా "బస్సే పోని తండాకు బోర్డెందుకమ్మా?" అని నవ్వినవట. రుక్కి నాతోని ఏమన్నదో విను: "అసలు బస్సు రాకపాయె. బొమ్మ బస్సన్న వస్తదనుకున్న అన్నా." రేపటి మన సంఘం బొమ్మల ప్రదర్శనకు రానంటున్నది. సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే సంఘం మనది! నాకు కూసున్నా మనసు కుదురుతలేదు. అందుకే అడుగుతున్న:

నీ స్టిక్కర్ తీసెయ్యి.
తండా పేరు ఆమె చేతనే మళ్ల పెట్టించు.
బస్సును ముందు బల్ల మీద పెట్టు.
ఇయ్యాలనే తండాకు పోయి ఆమెను క్షమాపణ అడుగు. బస్సు లేదు గద, నడిచి పో.