మూడు ముద్దలు మిగిలిన పళ్ళెం

ఖాలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ కోడలు నస్రీన్ నీ పేరున బగారన్నం, దాల్చా వండి, పక్కిల్లని ముందు నాకే పళ్ళెం పంపింది.

నేను యేసయ్యకు ప్రార్థన చేసుకునే తింటాను. కానీ తినే తీరు మాత్రం నీ దగ్గర నేర్చుకున్నదే. "కొంచెమే పెట్టుకో బిడ్డా, సాలకుంటె మళ్ల పెట్టుకో. అల్లా ఇచ్చింది పారెయ్యొద్దు. బర్కత్, ఆయన దీవెన, ఏ మెతుకుల ఉందో మనకేం ఎరుక" అనేదానివి. కింద పడిన మెతుకు కూడా తుడిచి తినేదానివి.

నెల నుంచి నాకు ముద్ద గొంతు దిగడం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ ఒక్క గరిటెడే పెట్టుకుంటున్నాను. "అమ్మ ఒక్క మెతుకు కూడ పారెయ్యది" అని పిల్లలు మెచ్చుకుంటున్నారు. నువ్వు నేర్పిన మంచి మాట చాటున దాక్కున్నాను, ఖాలా. మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ఆఖరి రోజుల్లో చెంచాతో గంజి పోసింది నువ్వే. అదీ దిగకపోవడం ఇద్దరం చూశాం.

ఇవాళ నీ పేరున వండిన అన్నం కూడా మూడు ముద్దలు మిగిలింది. పిల్లికి పెట్టేసి పళ్ళెం కడిగి ఇచ్చేద్దామని లేచాను. కొళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

కడగలేదు. ఆ అన్నంతోనే పళ్ళెం నస్రీన్‌కు తీసుకెళ్తున్నాను. తనూ నీ దగ్గర నేర్చుకున్న పిల్లే, ఎందుకు మిగిలిందని అడగకుండా ఉండదు.