గొడుగాయన తరమలేదు

జులై 12, ఆదివారం

చిరంజీవి అమ్మడికి,

మీ నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అమ్మ బీపీ అదుపులోనే ఉంది, నోరే అదుపులో లేదు. నువ్వు ఫోనెత్తకపోతే ఆ కోపం కూడా నామీదే తీర్చుకుంటోంది. నువ్వు వేళకి తింటున్నావని నమ్ముతున్నాను. అబద్ధమైనా సరే, తింటున్నానని ఒక ముక్క రాయి, ఆవిడకి చూపిస్తాను.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మ చదువుతూ ఏడ్చింది, ఏడుస్తూనే ఆ కుర్రాణ్ణి తిట్టింది. ట్రాఫిక్ పోలీసు ఆపమంటే బండి ఆపాలి కదా, తప్పంతా వాడిదేనంది. విచారణలో కూడా నీ తప్పేమీ లేదనే తేల్చారని రాశావు. అయినా ఆ రోజు నుంచి రోడ్డు మీద నిలబడలేకపోతున్నావనీ, రాజీనామా రాసి సొరుగులో పెట్టుకున్నావనీ, ఇచ్చెయ్యమంటావా నాన్నా అనీ అడిగావు. జవాబు చెప్పేముందు నీకొక సంగతి చెప్పాలి. కాస్త పొడుగు, ఓపిక పట్టు.

నేను సినిమా రీళ్ళు మోసిన రోజులు నీకు కొత్త కాదు. రెండు హాళ్ళకీ కలిపి ఒకటే ప్రింటు. పెద్ద హాల్లో ఆట మొదలైన కాసేపటికి చిన్న హాల్లో మొదలయ్యేది. ఇక్కడ ఆడేసిన రీళ్ళు చుట్టి పెట్టెలో పెట్టగానే, దాన్ని బండి వెనక కట్టుకుని అక్కడికి దౌడు తీయాలి. కొంచెం ఆలస్యమైతే అక్కడ తెర తెల్లబోయేది, జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్ళు, మేనేజరు నా నడుం విరగ్గొడతాననేవాడు. రెండు హాళ్ళకీ మధ్యలో నాలుగురోడ్ల కూడలి. అక్కడ సిమెంటు దిమ్మె మీద, పెద్ద గొడుగు కింద ఒక ట్రాఫిక్ కానిస్టేబులు. పేరేమిటో మాకెవరికీ తెలియదు. గొడుగాయన అనేవాళ్ళం.

మొదటిసారి దొరికినప్పుడు నాకింకా లైసెన్సు లేదు. ఆయన బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. బాబ్బాబు, హీరోయిన్ని విలన్ ఎత్తుకుపోయాడు, విడిపించే రీలు నా దగ్గరే ఉందని కాళ్ళావేళ్ళా పడ్డాను. అయితే నడిచి వెళ్ళి విడిపించమన్నాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగు పెట్టాను. రెండోసారి, సైలెన్సరు పీకేసి తిరుగుతున్నానని ఆపాడు. సినిమా ఆగిపోతే జనం ఈలలేస్తారు సార్ అంటే, నువ్వు ఆగకపోతే నేను వెయ్యాలి కదరా అన్నాడు. ఈ రెండూ నీకు ఎన్నోసార్లు చెప్పాను. అన్నం తింటూ పొలమారేదాకా నవ్వేదానివి.

మూడోది ఎప్పుడూ చెప్పలేదు. అందులో నవ్వుకోవడానికేమీ లేదు.

ఆ రోజు కొత్త సినిమా, హాలు కిటకిటలాడిపోతోంది. నేను ఎర్ర దీపం చూసి కూడా ఆగలేదు. గొడుగాయన దిమ్మె దిగి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చేతికింద నుంచి బండి వంచి దూసుకుపోయాను. అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా కేకలేశారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. బస్తీలోకి తిరిగి, సందుల్లో పడి, ఆయన వస్తున్నాడేమోనని వెనక్కి చూస్తూ పోతున్నాను. ఒకసారి ముందుకు తిరిగేసరికి ఎదురుగా చంటిబిడ్డని ఎత్తుకున్న ఆడమనిషి. ఎలా తప్పించానో నాకు తెలియదు. బండి గోడకి గీసుకుపోయింది, నా మోచెయ్యి చీరుకుపోయింది. ఆవిడ అరవను కూడా లేదు. బిడ్డని పొదివి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి గొడుగాయన మా ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా అమ్మ మంచినీళ్ళిచ్చి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కన నిలబడింది. ఆయన గొంతు పెంచలేదు. నా మోచేతి కట్టు చూసి, నిన్న ఎన్నిసార్లు వెనక్కి చూశావని అడిగాడు. దారంతా చూస్తూనే ఉన్నానని చెప్పాను. అందుకే నేను రాలేదు అన్నాడు. తరిమితే పారిపోయేవాడికి వెనకాల ఏముందో తప్ప ముందేముందో కనబడదు, నీ నంబరు నా దగ్గరుంది, నీ ఇల్లెక్కడికీ పారిపోదు అన్నాడు. అని ఊరుకున్నాడనుకునేవు, లైసెన్సు పట్టుకుపోయాడు. అది తిరిగి చేతికొచ్చేదాకా రీళ్ళు సైకిలు మీద మోశాను. చిన్న హాలు మేనేజరు నన్ను తిట్టని తిట్టు లేదు.

అమ్మడూ, ఇప్పుడు నీ సంగతి. మీ అమ్మలాగా తప్పంతా వాడిదేనని నేను రాయలేను. నువ్వు బండేసుకుని వాడి వెంట పడ్డావు. వాడు వెనక్కి చూసి, చూసి, డివైడరుకి కొట్టుకున్నాడు. నువ్వు రూలు తప్పలేదన్నారు, అది నిజమే కావచ్చు. కానీ చెయ్యెత్తినా ఆగకుండా వాడు నవ్వుతూ పోతుంటే, అందరూ చూస్తున్నారు, నా పరువు పోయింది అనిపించిందని నువ్వే రాశావు. ఆ ఒక్క వాక్యం రాసినందుకు నువ్వు నా కూతురివని గర్వపడ్డాను. ఆ ఒక్క వాక్యానికే రాత్రంతా నిద్ర పట్టలేదు కూడా.

రాజీనామా ఇస్తే నీకు ఆ రోడ్డు తప్పుతుంది. నీ బదులు అక్కడ ఇంకొకరు నిలబడతారు. వాళ్ళకి నీకు తెలిసింది తెలియదు. పరువు పోయిందనుకుని వాళ్ళూ తరుముతారు. ఆలోచించు. ఉద్యోగం నీది, మనసు నీది, ఇచ్చెయ్యమనీ వద్దనీ నేను చెప్పను. కాకపోతే ఆ కుర్రాణ్ణి ఇక్కడి పెద్దాసుపత్రికి మార్చారని రాశావు కానీ, వాణ్ణి చూశానని రాయలేదు. వాడి ముఖం చూడకుండా ఆ కాగితం మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకు. ఇది తండ్రిగా నా ఆజ్ఞ అనుకో. ఇన్నేళ్ళలో నీకు ఆజ్ఞలు ఇచ్చింది తక్కువే.

అమ్మ పంపిన మందులు వేసుకో. ఆ ఇంట్లో ఒక్కదానివీ తలుపులు బిగించుకుని కూర్చోకు.

ఇట్లు,
నిన్ను ఎప్పుడూ తలుచుకునే
నాన్న

తా.క. ఇంత రాసినా అసలు మాట రాయలేదు. నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం ఆసుపత్రికి వెళ్తున్నాను. మీ అమ్మ నేను నడకకి వెళ్తున్నాననుకుంటోంది. వార్డు బయట బెంచీ మీద ఆ కుర్రాడి తల్లి ఉంటుంది. బట్టలు కుట్టి బతికే మనిషి. నేనూ ఎవరో రోగి తాలూకు అనుకుని నాతో మాట్లాడేది, నేను ఫ్లాస్కులో తెచ్చిన టీ తాగేది. మొన్న వాడి కుడికాలు మోకాలి కింద తీసేశారు. నీకెవరూ చెప్పి ఉండరు, అందుకని నేను చెబుతున్నాను. మత్తు దిగి కళ్ళు తెరిచాక వాడు మొదట అడిగిన మాట, ఆ మేడమ్ ఇంకా వెనకాలే వస్తోందా అని.

అది విన్నాక ఇక దాచలేకపోయాను. నిన్న నేనెవరో ఆవిడకి చెప్పేశాను. ఆవిడ అప్పుడు వాడి ప్యాంటు ఒకవైపు కాలు కత్తిరించి అంచు కుడుతోంది. సూది ఆగింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. మా అమ్మాయి ఉద్యోగం వదిలేస్తానంటోందమ్మా అంటే, వదిలేస్తే నా కొడుక్కేమొస్తుంది అంది. మళ్ళీ సూది తీసుకుని అంచంతా కుట్టింది, దారం కొరికింది. అప్పుడు అంది, రమ్మనండి, కానీ యూనిఫాంలోనే రమ్మనండి, మామూలు బట్టలు కట్టుకుని ఎవరో చుట్టంలా వస్తే మాత్రం గుమ్మం దాటనివ్వను అని.