స్క్రూడ్రైవర్‌తో విన్న ఓడ

తాతయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మా ఆయన నన్ను హాంబర్గ్‌లో ఓడల మ్యూజియంకి తీసుకెళ్ళారు. అక్కడ అచ్చం నువ్వు నేవీలో పనిచేసిన ఓడలాంటి ఫ్రిగేట్ అనే యుద్ధనౌక నమూనా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లతో పోరాడటానికి బ్రిటిష్‌వాళ్ళు కట్టారట. తర్వాత అలాంటిదొకటి, అదే నీ ఓడ, మన నేవీకి వస్తే, ఇది ఆ జర్మన్ల నేవీలోనే చేరి వాళ్ళ కుర్రాళ్ళకి పని నేర్పిందట. ఏ జెండా కట్టినా నమ్మకంగా పనిచేసింది.

ఇదంతా చెప్పిన మ్యూజియం ముసలాయన ఒకప్పుడు ఆ ఓడలో పనిచేసినవాడే. మా తాతయ్య కూడా ఇలాంటి ఓడలోనే అని ఆయనకి చెప్పమని మా ఆయన్ని అడిగాను.

"నోరుందిగా, నువ్వే చెప్పు," అని మా ఆయన నవ్వారు.

నలుగురిలో నాకు మాట పెగలదని నీకు తెలుసుగా. నువ్వు మన బోరు మోటారుకి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి శబ్దం వినేవాడివి. ఓడ ఇంజన్ గదిలో నేర్చిన పద్ధతి అనేవాడివి. ఉత్త చేతులతో అలాగే చేసి చూపించాను.

ముసలాయన కూడా పిడికిలి చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"ఓపా?" అన్నాడు. జర్మన్‌లో తాతయ్య అని.

తలూపాను.

నన్ను దగ్గరికి పిలిచి, ఇంజన్ గది ఎక్కడో నమూనా ఉన్న గాజు పెట్టె మీద వేలితో చూపించాడు. ఇన్నాళ్ళకి నువ్వు నిలబడ్డ చోటు చూశాను.

నీ మనవరాలు