ట్యూనింగ్ చేయించిన బండి

చిన్నోడా,

సామాన్ల బండి నేనే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తున్నా, వెతక్కు. బీరువాలు తెచ్చిపెట్టమన్నాయనకి ఫోన్ చేసి, రేపు తెస్తామని చెప్పు. స్టవ్ మీద కూర ఉంది, వేడి చేసుకో.

గేర్‌బాక్స్ అరుస్తోందంటే అరుగుదలేమో అనుకున్నా. నువ్వు నాకు చెప్పకుండా ఇంజిన్‌కి ప్రోగ్రామ్ మార్పించి, బలం పెరిగేలా ట్యూనింగ్ చేయించావని, ఆ బలానికే గేర్‌బాక్స్ అరుస్తోందని నిన్న మధ్యాహ్నం మెకానిక్ చెప్పాడు. "పాత ప్రోగ్రామ్ మళ్ళీ ఎక్కించి తీసుకెళ్ళక్కా, కంపెనీవాళ్ళకి తెలీదు" అన్నాడు. వద్దన్నాను. వారంటీ ఇంకా పద్నాలుగు నెలలుంది. నిజం చెప్తే అది పోవచ్చు. పోతే పోనీ, అబద్ధం కింద సంతకం పెట్టలేను.

ఒళ్ళు మండిపోయింది. కానీ సాయంత్రం కలప డిపో దగ్గరి ఎత్తు రోడ్డు బండి మూడో గేరులోనే ఎక్కేసరికి సగం కోపం దిగిపోయింది. గుర్తుందా, నాన్న పాత బండి అక్కడికొచ్చేసరికి చతికిలబడేది. "దిగండర్రా, దీనికి ఆయాసమొస్తోంది" అనేవాడు. మనిద్దరం దిగి, పరిగెత్తి, దానికంటే ముందే పైకి చేరి చప్పట్లు కొట్టేవాళ్ళం. నువ్వు ఈ పని ఎందుకు చేయించావో అక్కడే అర్థమైంది. ముందు నాతో ఒక్క మాట అనుంటే బాగుండేది.

మూడింటికల్లా నువ్వూ రా. ఏం చేయించావో నీ నోటితోనే చెప్పు. నేను పక్కనే ఉంటా.

అక్క

ఇంకోటి. నాన్న ఉంటే నిన్ను చెడామడా తిట్టేవాడు. తిట్టి, తాళాలు లాక్కుని, తనూ ఒకసారి ఆ ఎత్తు ఎక్కొచ్చేవాడు.