కడిగిన దూది

మన్సూరాబాద్

చిరంజీవి బిందుమాధవికి జనార్ధన్ ఆశీర్వదించి రాసేది.

మా ఇంటామె ఆండాలు పోయినంక నిద్ర లేదు, మనసు బాగుంటలేదు. డాక్టరు నన్ను మీ పరిశోధనల చేర్పించిండు. కిడ్నీల మీది గ్రంథులు దిగులు హార్మోను ఎంత పోస్తున్నయో చూస్తరట. కిడ్నీ మీది ముచ్చట నోట్ల ఉమ్మికెట్ల ఎరుక? అయినా నువ్వు చెప్పినట్టే లేవంగనే దూది నమిలి గొట్టంల పెట్టిన, నువ్వొచ్చినంక నీ చేతికిచ్చిన. ఏం తేలిందో రాయి.

ఇట్లు, జనార్ధన్

తా.క. ఫోన్ చెయ్యకు. ఫోన్ల మాట్లాడితే గప్పుడే అయిపోతది. ఉత్తరమైతే మళ్ళ మళ్ళ చదువుకోవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్

గౌరవనీయులైన జనార్ధన్ గారికి నమస్కారాలు.

మీ దూదిలో ఒత్తిడి హార్మోను అసలు లేదని ల్యాబ్ వాళ్ళు అంటున్నారు. గురువారం మళ్ళీ వస్తాను.

మీ బిందుమాధవి

తా.క. అల్లం టీ బాగుంది.

మన్సూరాబాద్

చిరంజీవి బిందుమాధవికి,

హార్మోను లేదంటే దిగులు లేనట్టే కదా. మరి పొద్దున లేస్తే ఇల్లు గింత పెద్దగ ఎందుకు కనపడ్తది? మీ మిషన్ ఖరాబైందేమో చూపించుకోండ్రి. గురువారం ఇచ్చిన దూదిల మాత్రం ఏ లోపం లేదు.

ఇట్లు, జనార్ధన్

తా.క. ఈసారి ఇంకా శుభ్రంగ ఇచ్చిన.

దిల్‌సుఖ్‌నగర్

జనార్ధన్ గారికి నమస్కారాలు.

మళ్ళీ సున్నాయే. బతికున్న మనిషికి సున్నా రాదని మా డాక్టరు గారి వాదన. మీరు బతికే ఉన్నారని నేను సాక్ష్యం చెప్పాను. ఇంకోసారి ఇలాగే వస్తే మీ పేరు కొట్టేస్తారట. దూది నమిలాక ఏం చేస్తున్నారో దాచకుండా రాయండి.

మీ బిందుమాధవి

తా.క. బతికున్నవాళ్ళే అంత అల్లం వేస్తారని కూడా చెప్పాను.

మన్సూరాబాద్

బిడ్డా బిందుమాధవీ,

దాచుడెందుకు? నువ్వు రాంగనే దూదిని నల్లా కింద కడిగి, పిండి, గొట్టంల పెట్టి ఇస్తున్న. రెండోసారి సబ్బు కూడ పెట్టిన. ఆడపిల్ల చేతుల ఎంగిలి ఎట్ల పెడ్త? నా ఎంగిలి ముట్టిన మనిషి ఆండాలు ఒక్కతే. కానీ పేరు కొట్టేస్తే నువ్వు రావు. నువ్వు తప్ప ఈ గడప తొక్కేటోళ్ళు లేరు. గందుకే మొన్న నువ్వొచ్చినప్పుడు కళ్ళు మూసుకొని కడగకుండ ఇచ్చిన. మన్నించు.

ఇట్లు, జనార్ధన్

తా.క. మొన్న సగం చాయ్ కప్పుల విడిచి బిస్కెట్ల కోసం లోపలికి పోయిన. వచ్చేసరికి కప్పు ఖాళీ. ఎప్పుడు తాగిన్నో యాదికి లేదు. మతిమరుపు కూడ వచ్చినట్టుంది, రాసుకో.

దిల్‌సుఖ్‌నగర్

బాబాయి గారికి నమస్కారాలు.

ఈసారి హార్మోను వచ్చింది, చాలా ఎక్కువగా. ల్యాబ్ వాళ్ళు సంతోషించారు. మందు సంగతి డాక్టరు గారు చూస్తారు. మీరిక దూది నమలక్కర్లేదు.

ఒక మాట. మా దగ్గర ఇంటికొచ్చి తీసుకెళ్ళే పద్ధతే లేదు. అందరూ కొరియర్‌లో పంపుతారు. మాది తెనాలి. ఇక్కడ హాస్టల్ గదిలో ఆరుగురం ఉంటాం, తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. మీరు అడిగారు. మీరు కుళాయి కింద దూది కడగడం మొదటి రోజే గుమ్మంలోంచి చూశాను. చెప్తే దూది సరిగ్గా అంది, నా రాకపోకలు అక్కడితో ఆగిపోతాయని ఊరుకున్నాను. పేరు కొట్టేస్తామన్నాకే భయమేసి అడిగాను. తప్పు నాదే.

గురువారం మామూలుగానే వస్తాను.

మీ బిందు

తా.క. మతిమరుపు రాసుకోలేదు. ఆ సగం టీ తాగింది నేనే. ఇంట్లో మా నాన్న కప్పులో మిగిలిందీ నేనే తాగేదాన్ని.