రేవులో ఆగిన టర్బో బండి

2002 జూన్ 9
జనాన్ని ఎక్కించుకుని ట్రిప్పులు వేయడానికి మా ఆయన జీపు కొన్నారు. పాతదే, కానీ టర్బో. ఇదివరకటి అద్దె బండి, ఏరు దాటించే పంటు దిగి ఏటిగట్టు ఎక్కాలంటే సగం మందిని దింపాల్సి వచ్చేది. ఇది పదిమందితో ముందు కాస్త తటపటాయించింది... లోపల సన్నగా ఈల... అంతే, ఎవరో వెనక నుంచి తోసినట్టు ఎక్కేసింది. అమ్మ బాబోయ్!

జూన్ 10
భోజనాల దగ్గర అడిగాను, ఆ ఈల ఏమిటని. ఇంజన్ వదిలే పొగ బయటికి పోతూ పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుందట. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం, అది గాలిని ఇంజన్‌లోకి కూరుతుందట. గాలి ఎక్కువైతే డీజిల్ కూడా ఎక్కువ మండించవచ్చు, దాంతో బలం. పారబోసే పొగతో ఇంత పనా! కట్టెల పొయ్యి ముందు ఇన్నేళ్ళు కళ్ళు మండించుకున్నాను, ఆ పొగ ఒక్క పనికీ రాలేదు.

జూన్ 11
ఈల వినడానికే వీధిలోకి వెళ్ళాను. పిచ్చిదాన్ని.

సెప్టెంబర్ 23
ఈల మారింది. మూలుగులా ఉంది. వెనక నీలం పొగ. ఈ బండి తప్ప మాకు వేరే ఆధారం లేదు. భయంగా ఉంది.

సెప్టెంబర్ 24
అమలాపురంలో బండ్లు బాగుచేసే మేస్త్రీ టర్బో విప్పి చూపించాడు. అరచేతిలో పట్టే చక్రం! ఇదా అంత బండినీ తోసింది? ఇరుసు మీద నూనె మాడి అంటుకుపోయింది. పంటు ఎక్కగానే ఇంజన్ కట్టేయాలి, రేవులో అందరికీ అదే పద్ధతి. పరుగెత్తి వచ్చిన వేడి మీద టక్కున కట్టేస్తే నూనె ఆగిపోతుందట, చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుందట.
"కట్టేసే ముందు కాసేపు ఊరికే తిరగనివ్వాలండి. కుదరదంటే టర్బో తీసేద్దామండి."
ఈయన సరే అనబోయారు. నేను ఒప్పుకోలేదు. బాగు చేయించమన్నాను.

అక్టోబర్ 1
బాగైంది. మొదటి ట్రిప్పు, ముందు సీట్లో నేనూ. రేవులో పంటు కదలబోతోంది. ఎక్కితే కట్టేయాలి కదా, ముందే కాసేపు తిరగనిద్దామని ఈయన ఒడ్డునే ఆపారు, ఇంజన్ తిరుగుతూనే ఉంది. పంటు నడిపే సరంగు కేకేశాడు, త్వరగా ఎక్కించి కట్టేయండి అని. వెనక సీట్లో పెద్దాయన విసుక్కున్నారు.
"అవతల బస్సు వెళ్ళిపోద్దండీ. మీ సోకు తర్వాత చూసుకుందురు."
ఈయన చెయ్యి గేరు మీదికి వెళ్ళింది. ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. ఉండనివ్వండి అన్నాను.
జనం దిగి నడిచి పంటు ఎక్కేశారు. రేపు మళ్ళీ మన బండి ఎక్కుతారో లేదో... పంటు వెళ్ళిపోయింది. ఖాళీ బండిలో ఇద్దరమే.
"రోజూ ఇలాగేనా?" అన్నారు ఈయన.
ఆ చేతి మీంచి నా చెయ్యి తీయలేదు. ఈల సన్నబడి, సన్నబడి, వినపడనంతగా అయ్యేదాకా ఇద్దరం చెవులొగ్గి కూర్చున్నాం.