కన్నమ్మ వదలని తల

పెద్దక్కకు సుజాత నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మా నాన్నా, పిల్లలూ ఎలా ఉన్నారు? నా గురించి బెంగ వద్దు, వేళకు తింటున్నాను. దమ్మపేట వదిలి ఈ అడవి పక్క దవాఖానాకు నర్సుగా వచ్చి రెండు నెలలైంది. ఎండలు మాడ్చేస్తున్నాయి. ఒక్కదాన్నే కూర్చుంటే మాత్రం ముద్ద దిగదు. ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ తొక్కు పంపించు.

అసలు సంగతి విను. పోయిన నెల డాక్టర్లకూ నర్సులకూ కలిపి మూడు రోజులు ట్రైనింగ్ పెట్టారు. ప్రమాదంలో దెబ్బ తిన్నవాళ్లను ఎలా చూడాలో నేర్పారు. మెడకు దెబ్బ తగిలిన మనిషిని కదిలించేటప్పుడు తల పట్టుకున్నవాళ్లదే మాటట. ఎంత పెద్ద డాక్టరైనా వాళ్లు మూడు లెక్కపెట్టేదాకా ఆగాలట. మా సర్జన్‌గారు ఆగే రకం కాదు. పేషెంట్ బదులు పడుకోబెట్టిన బొమ్మ తల నేను పట్టుకుని "ఒకటి" అనేలోపే లాగేశారు. "సార్, మీ పేషెంట్ ఇప్పుడే పోయిండు," అంది నేర్పే మేడం. అందరం నవ్వాం, ఆయన తప్ప.

వారం తిరక్కుండానే కల్లు కోసం ఎక్కి జీలుగు చెట్టు మీద నుంచి పడిన మనిషిని మంచంతో సహా ట్రాక్టర్‌లో తెచ్చారు. తలవైపు మోకాళ్ల మీద కూర్చుని అతని భార్య కన్నమ్మ రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. ఎవరు నేర్పారమ్మా అన్నాను.

"ఎవరు నేర్పుతరు? వదిలితే ఊగుతాంది. ఏమైతదోనని బుగులై గట్లనే పట్టుకొని కూసున్న."

అక్కా, మేం ఫ్యాన్ కింద మూడు రోజులు నేర్చుకున్నది, ఆమె గుంతల దారిలో రెండు గంటలు చేసుకుంటూ వచ్చింది.

ఆమె చేతుల కిందుగా నా చేతులు పోనిచ్చాను. అయినా వదలదే! "మంచిగ పట్టుకున్నవా?" అని రెండుసార్లు అడిగి, అప్పుడు తీసింది. వేళ్లు కొయ్యబారిపోయి చాలాసేపు విచ్చుకోలేదు.

ఇంతలో సర్జన్‌గారు వచ్చి అతని భుజాల కింద చేతులు పెట్టారు. "ఆగండి సార్, నేను లెక్కపెడతాను," అన్నాను. ఆగారు! అంతటాయన నా నోటి వంకే చూస్తూ నిలబడ్డారు. "మూడు" అనగానే ఐదుగురం ఒక్కసారే కదిలాం. మనిషి కాస్తయినా మెలిక పడకుండా, పేషెంట్లను మోసే పలక మీదికి వచ్చాడు.

మెడకు పట్టీ వేసి పెద్దాసుపత్రికి పంపాం. ఎముక విరిగింది గానీ నరాలు తెగలేదని నిన్న ఫోన్ వచ్చింది. రెండు కాళ్లూ కదుపుతున్నాడట! సర్జన్‌గారే వార్డుకొచ్చి చెప్పారు. "ఆమె గట్ల పట్టుకోకపోతే మనం చేసేదేం లేకుండె సుజాతా," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

నాన్నకూ అమ్మకూ దణ్ణాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. మన తోటలో ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించకండి. నువ్వు వెళ్లి ఆ పడ్డవాళ్ల తల కదలకుండా పట్టుకో. బావగారైనా సరే, నువ్వు లెక్కపెట్టాకే వాళ్లను కదిలించాలి.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుజాత